చిన్నమ్మ విజిటింగ్ కార్డు

పోయిన నెల ఒక పొద్దున బహ్రెయిన్‌లో, జింజ్ అనే పేటలోని మా ప్రింటింగ్ షాపులో కార్డులు కోస్తుండగా వాట్సాప్‌లో ఇండియా నుంచి ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. చిన్నమ్మను వంటకు పిలవడానికి ఎవరో చేశారనుకున్నాను. కోనసీమలో ఉన్న చిన్నమ్మ కోసం బహ్రెయిన్‌లో ఉన్న నాకు ఎందుకు ఫోన్లు వస్తాయో తర్వాత చెబుతాను.

"ఏం ఫంక్షన్ అమ్మా?" అని అడిగాను అలవాటుగా.

అవతల ఒక ఆడమనిషి నెమ్మదిగా చెప్పింది. "నేను మీ చిన్నమ్మ చెల్లెల్ని బాబూ. అక్క పోయిందండి. నిన్న పొద్దున టీ పెడదామని లేచి పొయ్యి ముందే కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. కార్డు మీద నీ నంబరుంటే చేశాను. నీకు చెప్పకపోతే అక్క ఊరుకోదు."

నేను ఏమన్నానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేసరికి కౌంటరు దగ్గర ఎవరో కొత్త మేనేజరు తన కార్డుల కోసం ఎదురుచూస్తున్నాడు. నాకు వీసా ఇచ్చిన షాపు యజమాని, మా కఫీల్, కుర్చీలోంచి లేవకుండానే "యల్లా, యల్లా, తొందరగా" అన్నాడు. మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళి కోసాను. ఇక్కడ మనవాళ్ళు చాలామందికి ఇదే అనుభవం. ఊళ్ళో మనిషి పోతే డ్యూటీ మధ్యలో తెలుస్తుంది, డ్యూటీ అయ్యాకే దుఃఖం వస్తుంది.

ఆమె నాకు చుట్టం కాదు. మాది జగిత్యాల దిక్కు, ఆమెది గోదావరి దిక్కు. మొదటిసారి నేను "చిన్నమ్మా" అంటే నవ్వి, "మా వైపు పిన్ని అంటారు బాబూ. అయినా ఇదీ బాగానే ఉంది, చిన్నదాన్నయిపోయినట్టుంది" అంది. అలా చిన్నమ్మ అయింది. అసలు పేరు రాయాలని ఉంది కానీ ఆమె చెల్లెలు వద్దని బతిమాలింది. తన కూతురు కూడా ఇప్పుడు గల్ఫ్‌లోనే ఒక ఇంట్లో పని చేస్తోందట. పేరు బయటికొస్తే ఎక్కడ ఏమవుతుందోనని ఆమె భయం. ఆ భయం అర్థం లేనిదని నేను అనలేను.

చిన్నమ్మ అప్పట్లో బహ్రెయిన్‌లోనే, బుదైయా అనే చోట ఒక విల్లాలో పనిచేసేది. భర్త పోయాక కొన్నాళ్ళు చెల్లెలి ఇంట్లో ఉండి, ఎవరికీ బరువు కాకూడదని ఏజెంటును పట్టుకుని వచ్చింది. పాస్‌పోర్టు ఆ ఇంటి మేడం బీరువాలో ఉండేది. ఫోన్ కూడా మేడం దగ్గరే. శుక్రవారం ఇంటికి మాట్లాడుకోవడానికి ఇచ్చి మళ్ళీ తీసుకునేది. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు, జీతం ఆపేవారు కాదు. అందుకే ఎవరికైనా చెప్పుకుంటే "మంచి ఇల్లే కదా" అనేవారు. చిన్నమ్మ కూడా అదే అనేది. "మంచి ఇల్లే అబ్బాయ్. అందుకే బయటికి రావడానికి ఏ సాకూ దొరకదు."

ఇంకో సంగతి. ఆ ఇంట్లో ఆమెను ఆమె పేరుతో పిలిచేవారు కాదు. ఆమెకు ముందు పనిచేసిన ఫిలిప్పీన్స్ అమ్మాయి పేరు పిల్లలకు అలవాటైపోయిందని అదే పేరు ఈమెకూ అంటించారు. ఆ పేరు పిలిస్తే పలకడం కూడా ఆమెకు అలవాటైపోయింది.

ఆ మేడమే చిన్నమ్మను మా షాపుకు మొదట తీసుకొచ్చింది. ఇంట్లో వండి విందులకు పంపే వ్యాపారం పెట్టుకుంటోంది. దానికి కార్డులు కావాలి. చిన్నమ్మ వెనక ఒక పళ్ళెం పట్టుకుని నిలబడింది. పళ్ళెంలో పాకంలో తేలే లుగైమాత్ ఉండలు, రుచి చూడమని మా కఫీల్‌కు తెచ్చినవి. మేడం చాలాసేపు కార్డుల నమూనాలు తిరగేసింది. కాగితం మందంగా ఉండాలి, అంచుకు బంగారు రంగు కావాలి, నిగనిగలాడకూడదు. "ముందు కార్డు చేతికొస్తుంది, తర్వాతే వంట నోటికి వెళ్తుంది. కార్డు పలచగా ఉంటే వంట కూడా పలచగానే అనిపిస్తుంది" అని ఇంగ్లిషులో అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. ఎంతోమంది కార్డు తీసుకున్న చేతులను నేను చూశాను. చదవడానికి ముందే అందరూ బొటనవేలితో ఒకసారి కాగితాన్ని రుద్దుతారు. అక్కడే సగం తేలిపోతుంది. ఈ ఊళ్ళో కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు ఉండటానికి గది వెతుక్కోకముందే కార్డు కొట్టించుకుంటాడు. నిన్నటి దాకా ఎండలో సామాన్ మోసినవాడు సూపర్‌వైజర్ అని కార్డు మీద చూసుకోగానే నడుము నిటారుగా పెట్టి నడవడం ఈ కళ్ళతో చూశాను.

ఆ రోజు నా ఫోన్ మోగితే ఊరి నుంచి చేసిన తమ్ముడితో తెలుగులో రెండు మాటలు మాట్లాడాను. మేడం రంగులు చూసుకుంటుండగా వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది.

"తెలుగోడివా బాబూ?"

"అవునమ్మా."

"ఆ కార్డు మీద ఏం రాయమంటోంది?"

మేడం రాయమన్న మాట చూసి చెప్పాను. "'అన్నీ నా చేతులతో వండినవి' అని."

చిన్నమ్మ తన చేతుల్లోని పళ్ళెం వైపు చూసుకుంది. నూనె చుక్కలు పడి కాలిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. "ఆయ్, రాయి బాబూ. చేతులే కదా, ఎవరివైతేనేం" అని నవ్వేసింది. కోపం లేని నవ్వు అది. చాలాకాలం నన్ను వదలలేదు.

వ్యాపారం బాగా నడిచింది. కార్డులు, డబ్బాల మీద అంటించే స్టిక్కర్లు తరచుగా కావాల్సొచ్చేవి. మేడంకు తీరిక లేక వాటి కోసం చిన్నమ్మను డ్రైవర్‌తో పంపేది. అదే చిన్నమ్మకు బయటి గాలి. డ్రైవర్ భాయ్ బండి నీడకు పెట్టుకుని టీ తాగేదాకా ఆమెకు సమయం. వచ్చినప్పుడల్లా ఒక డబ్బాలో ఏదో ఒకటి తెచ్చేది. పులిహోర, వంకాయ కూర, ఒకసారి గోంగూర పప్పు. "తిను అబ్బాయ్, ఈ కాగితాల పొట్టు తిని బతుకుతావా ఏంటి?" అని దగ్గరుండి తినిపించేది. ఎలా ఉందని మాత్రం అడిగేది కాదు. ఒకసారి బాగుందని నేనే చెబితే ఆశ్చర్యపోయింది. "కూరలో ఉప్పెక్కువైతే ఎవరు వండారని అడుగుతారు. సరిపోతే ఎవరూ అడగరు" అంది.

విందులకు కూడా ఆమెనే వెంట తీసుకెళ్ళేవారు. పళ్ళెంలో ఒక పక్క తినేవి, ఇంకో పక్క మేడం కార్డులు. వచ్చినవాళ్ళు కార్డు చూసి, మేడం ముఖం చూసి, చేయి పట్టుకుని మెచ్చుకునేవారట. "నా చేతిలోంచే తీసుకుంటారు, నా వైపు చూడరు. పళ్ళెం దానంతట అదే గాలిలో వచ్చిందనుకుంటారో ఏమో" అని నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత ఒక రోజు, స్టిక్కర్లు సర్దుకుంటూ నా వైపు చూడకుండా అడిగింది.

"నాకొకటి కొట్టిపెడతావా?"

"ఏంది చిన్నమ్మా?"

"కార్డు."

నేను నవ్వలేదు. ఆమె నవ్వుతానేమోనని చూసింది. "గట్లనే. ఏమని రాయాలె? ఏం పనని పెట్టాలె?" అని అడిగాను.

"పనిమనిషి అని రాయకు. వంట చేస్తాను కదా... వంటావిడ అని రాయొచ్చా?"

"ఎందుకు రాయొద్దు? పేరు?"

పేరు చెప్పింది. చెప్పి ఆగి, "ఇంటిపేరు కూడా పెట్టు. ఈ దేశం వచ్చాక ఎవరూ అడగలేదు" అంది.

ఇంగ్లిషు ఒక వైపు, అరబీ ఒక వైపు పెట్టి ప్రూఫ్ చూపించాను. ఇక్కడ అందరి కార్డులూ అలాగే ఉంటాయి. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉంది గానీ, నా పేరు నేను చదువుకునేలా లేదే" అంది. అప్పుడు అరబీ, ఇంగ్లిషు రెండూ ఒకే వైపు సర్ది, వెనక వైపంతా తెలుగుకు ఇచ్చాను. పెద్ద అక్షరాలు. మా కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేకపోతే వెతికి ఎక్కించాను. ఫోన్ నంబరు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆమె ఫోన్ ఆమెది కాదు. నా నంబరే పెట్టాను.

కార్డు చేతికొచ్చాక ఇంకో చిక్కు. అది ఎలా ఇవ్వాలో ఆమెకు తెలియలేదు. నేను కౌంటరు అవతల నిలబడి ఇవ్వమన్నాను. చేయి కిందికి చాచి, తల వంచి, పళ్ళెంలో గ్లాసు అందించినట్టు అందించింది.

"గట్ల కాదు చిన్నమ్మా. కుడిచేత్తో ఇయ్యి. పేరు వాళ్ళ దిక్కు ఉండాలె, చదువుకునేటట్టు. తల పైకెత్తి వాళ్ళ కండ్లల్లకు చూడు."

"చూస్తే ఏమనుకుంటారో."

"ఏమనుకోరు. నువ్వు చూడకుంటే కార్డు టేబుల్ మీదనే పెట్టేసి పోతరు."

మళ్ళీ ఇచ్చింది. చేయి సరిగ్గానే వచ్చింది కానీ చూపు నా చొక్కా బొత్తాం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ, మళ్ళీ చేసింది. చివరికి ఒక్క క్షణం సూటిగా నా కళ్ళలోకి చూసింది. చూసి తనే సిగ్గుపడి, "అమ్మ బాబోయ్, ఎంత కష్టంరా ఇది! దీని కంటే గొర్రె మాంసం ఉడికించడం సుఖం" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. బయట డ్రైవర్ భాయ్ హారన్ కొట్టాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నీ కార్డేదీ?" అంది.

"నాకెందుకు చిన్నమ్మా? నేను కొట్టేటోన్ని."

"బావుంది వరస" అని వెళ్ళిపోయింది.

ఆ కార్డును ఆమె చాలాకాలం ఎవరికీ ఇవ్వలేదు. జాకెట్టు లోపల దాచుకుని తిరిగేది. ఒకసారి ఇంట్లో విందు జరుగుతుంటే, జింజ్‌లో చిన్నపిల్లల బడి నడిపే ఒకావిడ వంటింట్లోకి వచ్చి, ఇది ఎలా చేశారని అడిగిందట. ఇన్నేళ్ళలో ఎవరైనా అడగడం అదే మొదలు. చిన్నమ్మ చేతులు తుడుచుకుని, కార్డు తీసి, పేరు ఆమె వైపు తిప్పి ఇచ్చింది. తర్వాత నాకు చెప్పినప్పుడు గర్వంగా అన్నది ఒక్క మాటే. "చూశాను అబ్బాయ్. కళ్ళలోకే చూశాను."

మర్నాడే బడి మేడం నాకు ఫోన్ చేసింది. "మీరు ఈ వంటావిడకు ఏమవుతారు? ఆమె కార్డు మీద మీ నంబరుంది" అని హిందీలో అడిగింది. "ఇన్నేళ్ళుగా ఎన్నో ఇళ్ళకు వెళ్ళాను, వంటింట్లో ఉన్న మనిషి నాకు కార్డు ఇవ్వడం ఎప్పుడూ చూడలేదు. తన పని మీద ఇంత గౌరవం ఉన్న మనిషే నా బడికి కావాలి" అంది.

చిన్నమ్మ మళ్ళీ స్టిక్కర్ల కోసం వచ్చిన రోజు బడి మేడంను మా షాపుకే పిలిచాను. కుర్చీ చూపిస్తే చిన్నమ్మ కూర్చోలేదు. బడి మేడం కూడా కూర్చోకుండా నిలబడిపోయింది. అలా ఇద్దరూ కుర్చీకి చెరో పక్క నిలబడ్డారు. చివరికి చిన్నమ్మ అంచు మీద కూర్చుంది. పిల్లలకు మధ్యాహ్నం వంట, బడి వెనకే గది, వారానికి ఒక రోజు సెలవు, ఫోన్ తన దగ్గరే. నేను ఒక్కొక్కటీ తెలుగులో చెబుతుంటే ఆమె గది దగ్గర ఒకసారి ఆపింది. "తాళం నా దగ్గరే ఉంటుందా అని అడుగు" అంది. అడిగాను. ఉంటుందని చెప్పింది.

అయితే ఇంట్లో పనికి వచ్చినవాళ్ళు మరోచోట చేరాలంటే ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. బడి మేడం తనే వెళ్ళి అడుగుతానంది. చిన్నమ్మ వద్దంది. "నా ఉప్పు తిన్నవాళ్ళు, నేనూ వాళ్ళ ఉప్పు తిన్నాను. నేనే అడుగుతాను" అంది.

అడిగింది. మేడం అరవలేదు. "నీకు ఇక్కడ ఏం తక్కువ చేశాం?" అని మాత్రం అంది. బడి మేడంకు కార్డు ఇచ్చిన సంగతి విని, మిగిలిన కార్డులు ఎక్కడున్నాయో చెప్పించుకుని తీసుకెళ్ళి తన బీరువాలో, పాస్‌పోర్టు పక్కనే పెట్టుకుంది. ఆ తర్వాత స్టిక్కర్ల కోసం డ్రైవర్ భాయ్ ఒక్కడే వచ్చాడు. "ఆవిడకు ఇప్పుడు బయట పని లేదు" అన్నాడు.

ఎంతకాలమైనా చిన్నమ్మ రాలేదు. శుక్రవారం ఫోన్ కూడా మేడం పక్కన కూర్చుంటేనే మాట్లాడాలని డ్రైవర్ ద్వారా తెలిసింది. నేను సెలవు రోజున బస్సెక్కి బుదైయా వెళ్ళాను. ఖర్జూరపు తోటల పక్కన ఆ విల్లా గోడ ఎంత ఎత్తుందంటే లోపల ఇల్లుందని తెలిసేది పైనున్న నీళ్ళ ట్యాంకుల వల్లే. గంట కొట్టి ఏమని అడగాలి? ఎవరని చెప్పుకోవాలి? చుట్టాన్ని కాను. నా వీసా కూడా ఒకరి చేతిలో ఉంది, మేడం ఒక్క ఫోన్ చేస్తే మా కఫీల్ నన్ను ఏమంటాడో తెలియదు. వంటింటి వైపు నుంచి తాలింపు వాసన వచ్చింది. కరివేపాకు వేసిన తాలింపు. మనిషి లోపల ఉందని ఆ వాసన వల్ల తెలిసింది. అది పీల్చుకుని తిరిగొచ్చాను.

ఆ రోజుల్లోనే మేడం కార్డులు అయిపోయి మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. 'అన్నీ నా చేతులతో వండినవి.' ఆ మాట వరసగా మిషన్‌లోంచి వస్తూనే ఉంటే మిషన్ ఆపి, దించిన షట్టరు సగం ఎత్తి బయటి గాలికి నిలబడ్డాను.

బడి మేడం ఊరుకోలేదు. ఆ ఇంట్లోనే జరిగిన ఒక విందులో అందరి మధ్యా చిన్నమ్మ పేరు, ఇంటిపేరుతో సహా చెప్పి, "ఆవిడ బాగున్నారా? ఆవిడ వంటకు ఇంకో ఆర్డరు ఇవ్వాలి" అందట. ఇంటి మేడం "ఆవిడెవరు?" అని అడిగింది. పాస్‌పోర్టు, కార్డులు తన బీరువాలోనే ఉన్నా ఆ పేరు ఎప్పుడూ చదివి ఉండదు, నిజంగానే తెలియక అడిగింది. పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్న చిన్నమ్మ, "నేనే" అంది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ పళ్ళెం వదిలి ఆమె ముఖం చూశారు. "అందరూ ఒక్కసారి చూశారు అబ్బాయ్. నేను తల దించలేదు" అని తర్వాత చెప్పింది.

దాంతో ఏదో మారిపోయింది. గడువు తీరి కాగితాల మీద మళ్ళీ సంతకం పెట్టమన్నప్పుడు చిన్నమ్మ పెట్టనంది. మేడం బతిమాలింది, తర్వాత వాయిదాలు వేసింది, జీతం పెంచుతానంది. చిన్నమ్మ రోజూ వండుతూనే రోజూ అదే మాట చెప్పింది. చివరికి మేడం ఖలాస్, ఇక వెళ్ళు అంది. కానీ బడికి వదలనంది. వెళ్తే ఇండియాకే వెళ్ళాలి. బడి మేడం ఉంచిన గది వేరే ఆవిడకు వెళ్ళింది.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో డ్రైవర్ భాయ్ తనంతట తానే బండి జింజ్‌కు తిప్పాడు. చిన్నమ్మ లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. చిక్కిపోయింది. "నా కార్డులు ఆవిడ దగ్గరే ఉండిపోయాయి అబ్బాయ్" అంది.

"ఫైల్ ఉన్నది చిన్నమ్మా. ఇప్పుడే కొడత."

మా దగ్గరున్న అన్నింటికంటే మందమైన కాగితం తీశాను. నంబరు తీసేసి ఊళ్ళో నంబరు పెట్టమంటావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"ఉంచు. ఫారిన్ నంబరుంటే నన్నెవరూ బేరమాడరు."

"నాకే ఫోన్లస్తయి మరి."

"వస్తే చెప్పు. మా చిన్నమ్మ బాగా వండుతుందని చెప్పు."

అలా మొదలయ్యాయి ఆ ఫోన్లు. గోదావరి జిల్లాల నుంచి గృహప్రవేశాలకు, బారసాలలకు, అయ్యప్ప పూజలకు. మొదట "బహ్రెయినా?" అని బెదిరేవారు, తర్వాత చాలా మర్యాదగా మాట్లాడేవారు. నేను చిన్నమ్మ ఊరి నంబరు ఇచ్చేవాణ్ణి. ఇవ్వకముందు ఆమె చెప్పమన్న మాట చెప్పేవాణ్ణి. నా చుట్టూ ఉన్న ఈ నాలుగు గోడల మధ్య, ఎవరిదో పెళ్ళికి పప్పు ఎంత కావాలో, జనం ఎంతమంది వస్తారో వింటూ ఉంటే అదొక వింత సంతోషం. ఆమె బయట పడిందని ఆ ఫోన్లు మోగినప్పుడల్లా తెలిసేది.

దినాలయ్యాక ఆమె చెల్లెలికి ఫోన్ చేశాను. చిన్నమ్మ చివరి రోజులు ఎలా గడిచాయని అడిగాను. చాలాసేపు చెప్పింది. పెళ్ళివారు కార్లో తీసుకెళ్ళి కార్లో దింపేవారట. పేరు పెట్టి, గారు చేర్చి పిలిచేవారట. చివరికి ఒక మాట చెప్పింది.

"ఒకటి మాత్రం మాకు అర్థమయ్యేది కాదు బాబూ. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఉన్నట్టుండి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడేది. ఏంటే అక్కా, ఎవరైనా వస్తున్నారా అంటే ఎవరూ లేరు, ఊరికే, బయటికి రావడానికి సాకు కావాలా అనేది. కూర మాడిపోతుందే అంటే, మాడనీ అనేది."

అప్పటి నుంచి నాకు ఆమె అక్కడే కనిపిస్తోంది. మధ్యాహ్నపు ఎండలో, కాలవ గట్టు పక్క రోడ్డు మీద, చేతిలో గరిట పట్టుకుని, కాలికి చెప్పులు కూడా లేకుండా. బస్సు ఒకటి పక్కకు తప్పుకుని వెళ్తుంది. ఆమె ఆ బస్సు వైపు చూస్తుంది, ఆపదు, ఎక్కదు. ఇంట్లోంచి ఎవరూ పిలవరు. ఇంకాసేపు అలాగే నిలబడుతుంది.